ఆర్ ప్యాకేజీని ఎన్ని యంత్రాల మీద పరీక్షించాలి?

గణాంక విశ్లేషణకు ఎక్కువగా వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్. ఆ భాషలో రాసిన ప్యాకేజీలకు, అంటే ఇతరులు కూడా వాడుకునేలా కట్టి ఇచ్చే ఫంక్షన్ల మూటలకు, ప్రధాన భాండాగారం క్రాన్. 1997లో కర్ట్ హోర్నిక్, ఫ్రీడ్రిష్ లైష్ వియన్నాలో ప్రారంభించిన ఈ భాండాగారంలో నేడు 20,000కు పైగా ప్యాకేజీలు ఉన్నాయి. వాటిలో ప్రతి ఒక్కదాన్నీ, రచయిత అడిగినా అడగకపోయినా, డజను దాకా వేర్వేరు యంత్రాల మీద మళ్ళీ మళ్ళీ పరీక్షించి, ఫలితాన్ని అందరికీ కనిపించేలా పట్టికగా పెట్టడం అక్కడి ఆనవాయితీ. తెలుగు పాఠాన్ని శుభ్రపరిచి పదాలుగా, అక్షరాలుగా విడగొట్టే ఒక చిన్న ప్యాకేజీని నేను నిర్వహిస్తున్నాను కాబట్టి ఆ పట్టికతో నాకు తరచూ పని పడుతుంది. విండోస్, మ్యాక్, లినక్స్ అని మూడు పేర్లు రాసుకుని, మూడింటి పక్కనా పచ్చ గుర్తు పడగానే పరీక్ష పూర్తయిందనుకునే అలవాటు మన ప్రోగ్రామర్లలో బాగా ఉంది. ఆ పేర్ల అడుగున ఉండే ఎన్‌కోడింగ్ (అక్షరాలను సంఖ్యలుగా దాచే పద్ధతి), లోకేల్ (భాషకూ ప్రాంతానికీ తగిన అమరిక), లైబ్రరీ వెర్షన్లు, ప్రాసెసర్ అంకగణితం ఇవే ప్యాకేజీని నిజంగా దెబ్బతీస్తాయనీ, మన కోడ్ వీటిలో దేన్ని తాకుతుందో చూసుకుని పరీక్షా యంత్రాలను ఎంచుకోవాలనీ నా అభిప్రాయం. దాన్ని నా ప్యాకేజీ ఉదాహరణగానే వివరిస్తాను.

ముందుగా పరీక్ష అంటే ఏమిటో చెప్పుకోవాలి. 'ఆర్ సీఎండీ చెక్' అనే ఒకే ఒక్క ఆదేశం ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేస్తుంది, ఫంక్షన్ల ఆర్గ్యుమెంట్లు డాక్యుమెంటేషన్‌లో రాసినవాటితో సరిపోతున్నాయో లేదో పోల్చి చూస్తుంది, ప్రతి ఉదాహరణనూ నడిపిస్తుంది, టెస్టులన్నీ నడిపిస్తుంది, చివరికి ఫైళ్ల పేర్లు ఇతర వ్యవస్థల్లో చెల్లుతాయా అన్నది కూడా చూస్తుంది. దొరికిన లోపాన్ని దాని తీవ్రతను బట్టి ఎర్రర్, వార్నింగ్, నోట్ అనే మూడు మెట్లలో చూపిస్తుంది. క్రాన్ ఇదే ఆదేశాన్ని డెబియన్ అనే లినక్స్ రకంలో జీసీసీ కంపైలర్‌తోనూ క్లాంగ్ కంపైలర్‌తోనూ, ఫెడోరా అనే మరో లినక్స్ రకంలో మళ్ళీ ఆ రెంటితోనూ, విండోస్‌లో, యాపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌లో, ఇంటెల్ మ్యాక్‌లో నడుపుతుంది. ఇవి చాలవన్నట్టు ఆర్ భాషలోనే అభివృద్ధిలో ఉన్న వెర్షన్, ప్రస్తుత విడుదల, అంతకు ముందరి ఏడాది విడుదల అనే తేడాలు వీటికి తోడవుతాయి. వీటికి పక్కన 'అదనపు సమస్యలు' అనే గడి ఒకటి ఉంటుంది. మెమరీ తప్పులను పట్టే వాల్‌గ్రైండ్, శానిటైజర్ల వంటి ప్రత్యేక పరీక్షల్లో ఏదైనా తేలితే అక్కడ కనిపిస్తుంది. సీ, సీ++ కోడ్ ఉన్న ప్యాకేజీల రచయితలు ఉదయాన్నే గుండె చిక్కబట్టుకుని చూసే గడి అది.

ప్రధాన ప్లాట్‌ఫారాలలో కనీసం రెండింటి మీదైనా నడవని ప్యాకేజీని సాధారణంగా స్వీకరించబోమని క్రాన్ విధానపత్రంలో స్పష్టంగా ఉంది. స్వీకరించిన తరువాత కూడా ఏదైనా యంత్రం మీద ఎర్రర్ కనిపిస్తే, ఫలానా తేదీలోగా సరిచేయమని నిర్వాహకుడికి ఈమెయిల్ వస్తుంది. ఆ గడువు సాధారణంగా కొన్ని వారాలే; అది దాటితే ప్యాకేజీని ఆర్కైవ్‌లోకి మార్చేస్తారు. దాని మీద ఆధారపడిన ఇతర ప్యాకేజీలకు కూడా అప్పుడు ఇబ్బంది తప్పదు. ఇక్కడ గమనించవలసింది, మన కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా ఈ ఎర్రర్ రావచ్చునన్న సంగతి. జీసీసీ కొత్త వెర్షన్ వచ్చినా, ఆర్ అభివృద్ధి వెర్షన్‌లో ఏదైనా నియమం కఠినమైనా, మనం వాడుకుంటున్న మరో ప్యాకేజీ తన ప్రవర్తన మార్చుకున్నా మన పట్టికలో ఎరుపు కనిపిస్తుంది. అందువల్ల కోడ్ మార్చినప్పుడు మాత్రమే పరీక్షిస్తే సరిపోదు. ఏమీ మార్చని వారాల్లో కూడా పరీక్ష నడుస్తూ ఉండాలి.

సొంత యంత్రం మీద చేసిన పరీక్ష ఎందుకు చాలదో చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అక్కరలేదు. ఇంటి మనిషి చీకట్లో కూడా గడప తగిలి పడడు, కొత్తగా వచ్చినవాడికే అది తగులుతుంది. మన లాప్‌టాప్‌లో లోకేల్ మనం కోరినట్టే ఉంటుంది, కావలసిన లైబ్రరీలన్నీ ఎప్పుడో పెట్టుకుని ఉంటాము, ఫైళ్ల పేర్లలో పెద్ద చిన్న అక్షరాల తేడా ఉన్నా మ్యాక్ పట్టించుకోదు. ఇవన్నీ మనకు తెలియకుండానే మన ప్యాకేజీకి షరతులుగా మారిపోతాయి.

తెలుగు పాఠంతో పనిచేసే ప్యాకేజీకి మొదటి గడప ఎన్‌కోడింగ్. 'తెలుగు' అనే మాటను తీసుకుందాం. చదువరికి అందులో మూడు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని 6 కోడ్‌పాయింట్లు, అంటే యూనికోడ్ సంఖ్య కేటాయించిన గుర్తులు. వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి 3 చొప్పున 18 బైట్లు. ఆర్‌లో పొడవు చెప్పే 'ఎన్‌చార్' ఫంక్షన్‌ను అక్షరాల లెక్క అడిగితే 6 అనీ, బైట్ల లెక్క అడిగితే 18 అనీ చెబుతుంది. యూటీఎఫ్-8 లోకేల్ ఉన్న లినక్స్, మ్యాక్ యంత్రాలలో ఇంతవరకూ పేచీ లేదు. విండోస్‌లో మాత్రం చాలా ఏళ్ల పాటు పరిస్థితి వేరుగా ఉండేది. అక్కడ ఆర్ తన స్థానిక ఎన్‌కోడింగ్‌గా విండోస్ కోడ్‌పేజీని, అంటే కొద్ది భాషల అక్షరాలకే సరిపోయే పాత అక్షర పట్టికను, వాడుకునేది. మన దేశంలో ఇంగ్లీషు అమరికతో నడిచే కంప్యూటర్లలో అది పశ్చిమ యూరప్ అక్షరాల కోసం చేసిన 1252 కోడ్‌పేజీ. తెలుగుకు విండోస్‌లో అలాంటి స్థానిక కోడ్‌పేజీ ఏదీ కేటాయించలేదు, యూనికోడ్ ద్వారానే తెలుగు నడుస్తుంది. ఫలితంగా, తెలుగు పదాలున్న డేటాఫ్రేమ్‌ను (ఆర్‌లో డేటా పట్టికను) తెర మీద ముద్రించమంటే 'త' ఉండవలసిన చోట కోణాకారపు బ్రాకెట్ల మధ్య యు+0సి24 అనే సంకేతం ప్రత్యక్షమయ్యేది. వరసకు వరస అలా నిండిపోయిన తెరను చూసిన తెలుగు విద్యార్థులు తమ ఫైలే పాడైందనుకునేవారు. ఫైలు నిక్షేపంగానే ఉండేది. స్థానిక ఎన్‌కోడింగ్‌లోకి మార్చే మెట్టులో అక్షరం దారి తప్పేది.

2022 ఏప్రిల్‌లో విడుదలైన ఆర్ 4.2.0తో ఇది మారింది. విండోస్‌లో కూడా యూటీఎఫ్-8నే స్థానిక ఎన్‌కోడింగ్‌గా తీసుకునేలా తోమాస్ కలిబెరా తదితరులు కంపైలర్ పరికరాలను, సీ రన్‌టైమ్ లైబ్రరీని కూడా మార్చి చేసిన పని అది. పైకి ఒక్క వాక్యంలో చెప్పేయగలిగినా, సీ, సీ++ కోడ్ ఉన్న ప్యాకేజీలన్నింటినీ దాని కోసం కొత్త పరికరాలతో మళ్ళీ కంపైల్ చేయవలసి వచ్చింది. ఇతర భాషల లిపుల కోసం ఆర్‌లో జరిగిన మార్పుల్లో నేను దీనికే అగ్రస్థానం ఇస్తాను. అయితే దీనికొక షరతు ఉంది. విండోస్ 10 కొత్త విడుదలల్లోనూ, విండోస్ సర్వర్ 2022లోనూ ఇది పనిచేస్తుంది, అంతకు ముందరి సర్వర్లలో పాత కోడ్‌పేజీ పద్ధతే కొనసాగుతుంది. కాబట్టి 'విండోస్‌లో పరీక్షించాను' అనే మాటకు ఏ విండోస్, ఏ ఆర్ అన్న వివరం లేకుండా అర్థం లేదు. ఆఫీసుల్లో, కళాశాలల్లో పాత యంత్రాలు ఎంతకాలం నడుస్తాయో మనకు తెలిసిందే.

దీనికి అనుబంధంగా మరో నియమం ఉంది. ప్యాకేజీలోని ఆర్ కోడ్‌లో వ్యాఖ్యలను మినహాయిస్తే ఆస్కీ అక్షరాలు (ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులు) మాత్రమే ఉండాలనీ, మిగిలినవాటిని సంఖ్యా సంకేతాలుగా రాయాలనీ చెక్ కోరుతుంది. అలా లేకుంటే వార్నింగ్ ఇస్తుంది. అంటే సున్నను, విసర్గను, పొల్లును గుర్తుపట్టే కోడ్‌ను తెలుగులో చదువుకునేలా రాయడానికి వీల్లేదు. వాటి కోడ్‌పాయింట్ సంఖ్యలు రాసి, పక్కన వ్యాఖ్యలో అసలు అక్షరం చూపించుకోవాలి. ఇది కొంచెం బాధాకరమే. అయినా నేను ఈ నియమాన్ని సమర్థిస్తాను, ఎందుకంటే ఎడిటర్‌లో పొల్లు ఒకటి ముందు అక్షరానికి అతుక్కుని కనిపించకుండా పోవడం కన్నా దాని సంఖ్య కళ్లెదుట ఉండటమే మేలు. తెలుగు పదాల జాబితాలను మాత్రం కోడ్‌లో పెట్టకుండా డేటా ఫైలులో ఉంచి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని డిస్క్రిప్షన్ ఫైలులో ప్రకటించుకుంటే సరిపోతుంది.

ఎన్‌కోడింగ్ కుదిరాక అక్షరాల విభజన దగ్గర అసలు పరీక్ష మొదలవుతుంది. 'అమ్మ' అనే మాటలో 4 కోడ్‌పాయింట్లున్నాయి: అ, మ, పొల్లు, మ. తెలుగు చదివే ఎవరినడిగినా ఇందులో రెండే అక్షరాలంటారు. కానీ యూనికోడ్ ప్రమాణంలో, ఒక్క అక్షరంగా చూడవలసిన గుంపును నిర్ణయించే సాధారణ నియమం చాలాకాలం పాటు పొల్లు దగ్గర ఆగిపోయేది. దాని ప్రకారం అ, మ్, మ అని మూడు ముక్కలు వచ్చేవి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపుల సంయుక్తాక్షరాలను విడగొట్టకుండా ఉంచే నియమాన్ని చేర్చారు. దాని ప్రకారం అ, మ్మ అని రెండే వస్తాయి. ఇప్పుడు మన ఫంక్షన్ ఏ సంఖ్య చెబుతుందన్నది మన కోడ్ చేతిలో లేదు. లోపల పనిచేసే లైబ్రరీ ఏ నియమాన్ని పాటిస్తుందన్నదాని మీదే అది ఆధారపడి ఉంటుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ తేడా ఇక్కడ చాటుగా ప్రవేశిస్తుంది. ఆర్‌లో యూనికోడ్ పనులకు ఎక్కువమంది వాడే 'స్ట్రింగ్‌ఐ' ప్యాకేజీ ఐసీయూ అనే లైబ్రరీ మీద నిలబడింది. విండోస్, మ్యాక్‌ల కోసం క్రాన్ సిద్ధంగా ఇచ్చే ప్రతిలో ఐసీయూ దానితోపాటే వస్తుంది. లినక్స్‌లో సోర్స్ నుంచి ఇన్‌స్టాల్ చేస్తే, వ్యవస్థలో అప్పటికే తగిన ఐసీయూ ఉంటే దాన్నే వాడుకుంటుంది. మూడేళ్ల నాటి ఉబుంటు లినక్స్‌లో ఒక ఐసీయూ, కొత్త డెబియన్‌లో మరొకటి, విండోస్‌లో ప్యాకేజీతో వచ్చినది ఇంకొకటి. ఇవికాక ఆర్‌లోని పెర్ల్ తరహా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లకు పీసీఆర్ఈ అనే వేరే లైబ్రరీ ఉంది, దాని యూనికోడ్ పట్టికలు దానివి. అందుచేత 'అమ్మ'కు 2 రావాలని టెస్టు రాసేవారు తాము ఏ లైబ్రరీ ద్వారా లెక్కిస్తున్నారో ముందు తేల్చుకోవాలి. నా ప్యాకేజీలో నేను దీన్ని ఏ లైబ్రరీకీ వదలకుండా, హల్లు, పొల్లు, హల్లు వరస కనబడితే కలిపే నియమాన్ని సొంతంగా రాసుకున్నాను. నాలుగు వరసల కోడ్ ఎక్కువైనా, తెలుగు అక్షరం అంటే ఏమిటన్న నిర్ణయం తెలుగు కోసం రాసిన ప్యాకేజీలోనే ఉండటం న్యాయమనిపించింది.

వరసక్రమం సంగతి కూడా ఇలాంటిదే. 'కళ', 'కవి' అనే రెండు మాటలను అకారాదిగా పేర్చమంటే, వర్ణమాలలో ళ హకారం తరువాత వస్తుంది కాబట్టి 'కవి' ముందుండాలి. కోడ్‌పాయింట్ల క్రమంలో మాత్రం ళ, ల పక్కనే, వ కన్నా ముందు ఉంది కాబట్టి 'సీ' లోకేల్‌లో 'కళ' ముందుకొస్తుంది. ఆర్‌లోని 'సార్ట్' ఫంక్షన్ లోకేల్‌ను బట్టి ఫలితం మారుస్తుంది. టెస్టులు రాయడానికి ఎక్కువమంది వాడే 'టెస్ట్‌దట్' ప్యాకేజీ మాత్రం చెక్ సమయంలో క్రమాన్ని 'సీ' లోకేల్‌కు కట్టిపడేస్తుంది. దానివల్ల టెస్టులో ఒక క్రమం, వాడుకరి తెర మీద మరో క్రమం కనిపించే వింత ఏర్పడవచ్చు. క్రమం స్థిరంగా ఉండటమే ముఖ్యమైన చోట 'రాడిక్స్' పద్ధతిని స్పష్టంగా అడగటం మంచిది, అది ఏ యంత్రంలోనైనా 'సీ' లోకేల్ క్రమాన్నే ఇస్తుంది. తెలుగు క్రమమే కావలసిన చోట దాన్ని మనమే నిర్వచించుకోవాలి.

పాఠంతో పనిలేని ప్యాకేజీలకు కూడా తప్పని తేడా అంకగణితంలో ఉంది. ఆర్‌లో ఈ చిన్న లెక్క చేసి చూడండి: వంద కోట్ల కోట్లు, అంటే ఒకటి పక్కన 16 సున్నాలు, ఒకటి, మళ్ళీ అదే పెద్ద సంఖ్య రుణాత్మకంగా, ఈ మూడింటినీ 'సమ్' ఫంక్షన్‌కు ఇవ్వండి. మామూలు ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్ మీద జవాబు 1. యాపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్ మీద జవాబు 0. రెండూ చెడిపోయిన యంత్రాలు కావు. కూడికల మధ్య మొత్తాన్ని ఆర్ 'లాంగ్ డబుల్' అనే పెద్ద సంఖ్యలో దాచుకుంటుంది. ఇంటెల్ తరహా ప్రాసెసర్‌లో అది 80 బిట్లది కాబట్టి ఆ ఒకటి నిలబడుతుంది. యాపిల్ చిప్ మీద లాంగ్ డబుల్ కూడా 64 బిట్ల మామూలు డబుల్‌తో సమానమే కాబట్టి ఆ ఒకటి పెద్ద సంఖ్యలో మునిగిపోతుంది. ఆర్మ్ ప్రాసెసర్ మీద నడిచే లినక్స్‌లోనైతే లాంగ్ డబుల్ 128 బిట్లది. క్రాన్ అదనపు పరీక్షల్లో లాంగ్ డబుల్ లేకుండా కట్టిన ఆర్‌తో చేసే పరీక్ష ఒకటి ఉండటానికి కారణం ఇదే.

ఈ తేడా వల్ల టెస్టు విఫలమైనప్పుడు సాధారణంగా వినిపించే సలహా, పోలికలో అనుమతించే తేడాను పెంచేయమని. ఆర్‌లో 'ఆల్ ఈక్వల్' ఫంక్షన్ మామూలుగానే సుమారు 1.5 బై పది కోట్ల దాకా సాపేక్ష తేడాను క్షమిస్తుంది. ఆ ఔదార్యం కూడా చాలలేదంటే, చాలా సందర్భాల్లో తప్పు యంత్రానిది కాదు; దాదాపు సమానమైన రెండు పెద్ద సంఖ్యలను ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తున్న సూత్రానిది. సూత్రాన్ని మార్చి రాయగలిగినప్పుడు తేడాను పెంచడం జ్వరానికి థర్మామీటర్‌ను సరిదిద్దినట్టు ఉంటుంది. ఎందుకు విఫలమైందో తెలియకుండా టెస్టును సడలించకూడదన్నది నేను పట్టుదలగా పాటించే నియమం.

ఫైళ్ల విషయం త్వరగా ముగించవచ్చు, ఎందుకంటే చెక్ వీటిలో చాలావాటిని తనంతట తానే పట్టుకుంటుంది. 'ఆక్స్', 'కాన్', 'నల్' వంటి పేర్లు విండోస్ తనకోసం కేటాయించుకున్నవి కాబట్టి ఆ పేరుతో ఫైలు ఉండకూడదు. పెద్ద చిన్న అక్షరాల తేడాతో ఒకే పేరున్న రెండు ఫైళ్లు లినక్స్‌లో కాపురం చేస్తాయి గానీ మామూలు విండోస్, మ్యాక్ డిస్కుల మీద చేయవు. తెరిచి ఉంచిన ఫైలును తొలగించడానికి లినక్స్ ఒప్పుకుంటుంది, విండోస్ ఒప్పుకోదు. నడుస్తున్న ప్రాసెస్‌కు నకళ్లు తీసి (ఫోర్క్ చేసి) సమాంతరంగా నడిపే 'ఎంసీలాప్లై' విండోస్‌లో ఒకటికి మించి కోర్లు అడిగితే ఎర్రర్ ఇస్తుంది. భారతీయులకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి టైమ్‌జోన్ పేరులో ఉంది. మన కాలమానానికి ప్రస్తుత పేరు 'ఏషియా/కోల్‌కతా'. పాత 'ఏషియా/కలకత్తా' ఇంకా అనేక ప్రోగ్రాముల్లో, డేటాల్లో తిరుగుతూనే ఉంది. ఉబుంటు 24.04, డెబియన్ 13లలో ఇలాంటి పాత పేర్లను వేరే ప్యాకేజీలోకి తరలించారు. అది ఇన్‌స్టాల్ చేయని యంత్రంలో పాత పేరు చెల్లదు, ఆర్ హెచ్చరిక ఇచ్చి సమయాన్ని యూటీసీగా, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంగా, తీసుకుంటుంది. అయిదున్నర గంటలు గల్లంతవుతాయి.

ఇన్ని రకాల యంత్రాలు ఒక వ్యక్తి దగ్గర ఉండవు కాబట్టి అద్దె యంత్రాలే గతి. ఒకప్పుడు ఆర్ రచయితలు లినక్స్, మ్యాక్‌ల కోసం ట్రావిస్ అనే పరీక్షా సేవనూ, విండోస్ కోసం యాప్‌వేయర్ అనే మరో సేవనూ వేర్వేరుగా అమర్చుకునేవారు. కోడ్‌ను దాచుకునే గిట్‌హబ్ సైటులోనే పరీక్షలు నడిపే గిట్‌హబ్ యాక్షన్స్ 2019 చివర అందరికీ అందుబాటులోకి వచ్చాక మూడు వ్యవస్థలూ ఒకే చోట, పబ్లిక్ రిపోజిటరీలకు (అందరికీ కనిపించే కోడ్ నిల్వలకు) ఉచితంగా దొరకడం మొదలైంది. ఆర్ సమాజం సిద్ధం చేసి పెట్టిన ప్రామాణిక అమరిక అయిదు పనులను నడుపుతుంది: మ్యాక్‌లో, విండోస్‌లో ప్రస్తుత విడుదల, ఉబుంటులో అభివృద్ధి వెర్షన్, ప్రస్తుత విడుదల, అంతకు ముందరి విడుదల. ప్రారంభానికి ఇది చక్కటి అమరిక. ఒకటి విఫలం కాగానే మిగతావాటిని ఆపేసే లక్షణాన్ని అందులో పనిచేయకుండా ఉంచుతారు, అది తప్పనిసరి. అయిదింటిలో ఏవి పడ్డాయి, ఏవి నిలిచాయి అన్న వివరమే రోగనిర్ధారణకు మొదటి ఆధారం. మ్యాక్ ఒక్కటే పడితే అంకగణితాన్ని అనుమానించాలి. ఉబుంటులో అభివృద్ధి వెర్షన్ ఒక్కటే పడితే ఆర్ మార్పుల జాబితా చదవాలి.

ఈ అమరికలో 'తాజా' అన్న పేరుతో యంత్రాన్ని అడిగేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2024లో గిట్‌హబ్ తాజా మ్యాక్ అన్న పేరును ఇంటెల్ యంత్రాల నుంచి యాపిల్ చిప్ యంత్రాలకు మార్చింది. ఈ అమరికను రాసుకునే యామల్ ఫైలులో ఏమీ మార్చకుండానే ఎందరో రచయితల టెస్టులు కొత్త ప్రాసెసర్ మీదికి వెళ్లిపోయాయి, పైన చెప్పిన కూడిక లాంటివి అప్పుడే బయటపడ్డాయి. నాకైతే ఈ పద్ధతే ఇష్టం. పాత యంత్రానికి కట్టుబడి ఉండేకన్నా, వాడుకరుల చేతిలోకి కొత్త యంత్రం వెళ్లినప్పుడే మన టెస్టులు కూడా వెళ్లడం మంచిది. వారానికోసారి దానంతట అదే నడిచేలా సమయం పెట్టుకునేవారు మరో రెండు సంగతులు తెలుసుకోవాలి. ఆ సమయాన్ని గిట్‌హబ్ మామూలుగా యూటీసీగా తీసుకుంటుంది. రిపోజిటరీలో 60 రోజుల పాటు ఏ కదలికా లేకపోతే, పబ్లిక్ రిపోజిటరీల్లో ఈ కాలబద్ధ పరీక్షను గిట్‌హబ్ ఆపేస్తుంది. నిలకడగా ఉండి మార్పులు అక్కరలేని ప్యాకేజీకే ఈ పరీక్ష ఎక్కువ అవసరం, అది ఆగిపోయేది కూడా అలాంటి ప్యాకేజీకే. ఆగిన పరీక్ష ఎర్రగా కనిపించదు, చివరిసారి పడిన పచ్చ గుర్తు అలాగే ఉండిపోతుంది.

క్రాన్‌కు పంపే ముందు వారి పద్ధతికి దగ్గరగా ఉండే మరో రెండు దారులున్నాయి. జర్మనీలోని డోర్ట్‌మండ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఉవే లిగెస్ నిర్వహించే విన్-బిల్డర్‌కు ప్యాకేజీని పంపితే, విండోస్‌లో అభివృద్ధి వెర్షన్ మీద నడిపి ఫలితం ఈమెయిల్‌లో పంపుతుంది. మ్యాక్ కోసం కూడా ఇలాంటి సేవే ఉంది. శానిటైజర్లు, లాంగ్ డబుల్ లేని ఆర్ వంటి అరుదైన అమరికలకు ఆర్-హబ్ ఉపయోగపడుతుంది. 2024లో వచ్చిన దాని రెండో రూపం మన సొంత గిట్‌హబ్ ఖాతాలోనే వాటిని నడుపుతుంది.

దూరాన ఉన్న యంత్రంలో టెస్టు పడితే లోపలికి వెళ్లి చూడలేము కాబట్టి, ఆ యంత్రం తన గురించి తాను చెప్పుకునేలా ముందే ఏర్పాటు చేయాలి. నా ప్యాకేజీ టెస్టుల మొదటి ఫైలు ఏదీ పరీక్షించదు. ఆర్‌లోని మూడు ఫంక్షన్ల ఫలితాన్ని లాగ్‌లో ముద్రించి ఊరుకుంటుంది. సెషన్ వివరాలిచ్చేది ఒకటి, లోకేల్ యూటీఎఫ్-8 అవునో కాదో చెప్పేది ఒకటి, ఐసీయూ, పీసీఆర్ఈ వంటి బయటి లైబ్రరీల వెర్షన్లు చెప్పేది ఒకటి. విఫలమైన యంత్రం లాగ్‌నూ, నిలిచిన యంత్రం లాగ్‌నూ పక్కపక్కన పెట్టి ఈ పాతిక వరసలు పోల్చితే కారణం తరచూ అక్కడే కనిపిస్తుంది. దీనికి బదులు, ఫలానా సిస్టమ్‌లో ఈ టెస్టును దాటవేయమని రాసేయడం తేలిక, 'టెస్ట్‌దట్'లో దానికి ఫంక్షన్లు కూడా ఉన్నాయి. ఇంటర్నెట్ కావలసిన టెస్టును, చాలాసేపు పట్టే టెస్టును క్రాన్‌లో దాటవేయడం సబబే. విండోస్‌లో తెలుగు సరిగ్గా రావడం లేదని తెలుగు ప్యాకేజీ విండోస్ టెస్టును దాటవేస్తే, ఆ ప్యాకేజీ విండోస్ వాడుకరులకు ఏమి హామీ ఇస్తున్నట్టు?

నా యంత్రాల జాబితాలోకి చివరగా చేరింది ఆర్మ్ ప్రాసెసర్ మీది ఉబుంటు. 2025 నుంచి గిట్‌హబ్ పబ్లిక్ రిపోజిటరీలకు దీన్ని ఉచితంగా ఇస్తోంది. యాపిల్ చిప్ కూడా ఆర్మ్ రకమే కాబట్టి మ్యాక్ రూపంలో ఆర్మ్ ఉండనే ఉంది కదా, ఇది ఎందుకని అడగవచ్చు. కారణం సీ భాషలో ఉంది. ఒక్క బైటును దాచే 'క్యార్' అనే రకానికి గుర్తు ఉంటుందా ఉండదా, అంటే అది రుణ సంఖ్యలను కూడా చూపగలదా లేదా అన్నది సీ ప్రమాణం నిర్ణయించలేదు, ప్లాట్‌ఫారానికి వదిలేసింది. ఇంటెల్ తరహా యంత్రాల్లో ఉంటుంది, యాపిల్ చిప్ మీద కూడా ఉంటుంది, ఆర్మ్ లినక్స్‌లో ఉండదు. 'త' అనే అక్షరం యూటీఎఫ్-8లో 224, 176, 164 అనే మూడు బైట్లు. గుర్తు ఉన్న యంత్రంలో అవి -32, -80, -92గా కనిపిస్తాయి. బైటు సున్నా కన్నా తక్కువైతే ఆస్కీ కాదని తేల్చే పాత సీ కోడ్ అలాంటి యంత్రాలన్నింటిలో తెలుగును సక్రమంగా గుర్తుపడుతుంది. ఆర్మ్ లినక్స్‌లో ఆ షరతు ఎన్నడూ నిజం కాదు కాబట్టి తెలుగు వాక్యమంతా ఆస్కీ అనుకుని దాటిపోతుంది. కంపైలర్ మౌనంగా ఉండవచ్చు. మ్యాక్, విండోస్, మామూలు ఉబుంటు పచ్చగానే ఉంటాయి. ఆర్మ్ యంత్రం అందుబాటులో లేనివారు జీసీసీకి క్యార్‌ను గుర్తు లేనిదిగా చూడమని చెప్పే ఐచ్ఛికాన్ని ఇచ్చి, తమ ఇంటెల్ యంత్రం మీదే ఇదే పరీక్ష చేసుకోవచ్చు. నా అమరికలో ఇప్పుడు రెండూ ఉన్నాయి, ఇంటెల్ మ్యాక్‌ను మాత్రం తీసేశాను. నా కోడ్ తాకే వాటిలో దేన్నీ అది ప్రత్యేకంగా పరీక్షించడం లేదు.